పాట ఆగిన చోటే విలువా? హాకీ ఆటగాడి జీతంపై అపోహలు – వాస్తవాలు

వేలంలో ఎవరికి ఎంత పలికితే వాళ్ల ఆట అంత అన్నది మన దగ్గర గట్టిగా పాతుకుపోయిన అపోహ. కర్ణాటకలో రాయచూరు జిల్లా మస్కి, సింధనూరు క్యాంపుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు హైదరాబాద్ జట్టూ మనదే, బెంగళూరు జట్టూ మనదే. అందుకే ఏ వేలం జరిగినా ఇక్కడ చర్చకు కొదవ ఉండదు, చర్చంతా ఆ అంకె చుట్టే తిరుగుతుంది. 2024 అక్టోబరులో ఢిల్లీలో హాకీ ఇండియా లీగ్ వేలం జరిగినప్పుడు సూర్మా హాకీ క్లబ్ హర్మన్‌ప్రీత్ సింగ్‌ను 78 లక్షలకు తీసుకుంది. హైదరాబాద్ తూఫాన్స్ 68 లక్షలు పోసి గొంజాలో పెయిలాట్‌ను తెచ్చుకుంది. అర్జెంటీనా తరఫున రియోలో ఒలింపిక్ స్వర్ణం గెలిచి, తర్వాత జర్మనీకి ఆడిన పెనాల్టీ కార్నర్ నిపుణుడు అతను. అదే పని చేసే జుగ్‌రాజ్ సింగ్ రాఢ్ బెంగాల్ టైగర్స్‌కు 48 లక్షలకే దొరికాడు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్లో జుగ్‌రాజ్ మూడు గోల్స్, పెయిలాట్ రెండు గోల్స్ కొట్టారు. మ్యాచ్ 4–3తో బెంగాల్ గెలిచింది. లీగ్ మొత్తంలో ఎక్కువ గోల్స్, అంటే 12, కొట్టింది జుగ్‌రాజే. పెయిలాట్ ఆటలో లోపం ఉందని కాదు, ఫైనల్‌దాకా జట్టును లాక్కొచ్చిన వాళ్లలో అతనూ ఒకడు. మరి ఆ ఇరవై లక్షల తేడా దేన్ని కొలిచినట్టు?

రాయచూరు ఏపీఎంసీ యార్డుకు పత్తి తోలిన ఏ రైతునడిగినా దీనికి జవాబు చెబుతాడు. అదే చేను, అదే తేమ, అదే పింజ. కొనేవాళ్లు నలుగురొచ్చిన రోజు ఒక ధర, ఇద్దరే వచ్చిన రోజు ఇంకో ధర. హాకీ వేలంలోనూ అంతే. 2024లో ఒక్కో పురుషుల జట్టు చేతిలో ఉన్నది 4 కోట్లు, దాంతోనే 24 మందిని కూర్చుకోవాల్సి వచ్చింది. సగటున మనిషికి పదిహేడు లక్షలు దాటదు. ఒక్క హర్మన్‌ప్రీత్‌కే పర్సులో దాదాపు ఐదో వంతు పోయింది. పేరు ముందుగా పిలిచినవాడికి నిండు పర్సులు ఎదురవుతాయి, ఆలస్యంగా పిలిచినవాడికి అడుగంటినవి. పది లక్షలు, ఐదు లక్షలు, రెండు లక్షలు అన్న కనీస ధరల మెట్లలో ఎక్కడ మొదలయ్యావన్నదీ లెక్కలోకి వస్తుంది. ఈ అంకెల్లో ఆట ఉంటుంది, కాదనను. ఆటతో సంబంధం లేనివి కూడా అంతే ఉంటాయి.

క్రికెట్‌లో ఇది ఇంకా బాహాటంగా కనిపిస్తుంది, అదీ మన తెలుగు కుర్రాళ్ల విషయంలోనే. హైదరాబాదీ తిలక్ వర్మను ముంబయి ఇండియన్స్ 2022లో 1.7 కోట్లకు కొన్నది. ఆ ఏడు 397 పరుగులు, తర్వాత 343, ఆ తర్వాత 416. మూడేళ్లూ జీతం 1.7 కోట్లే. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 20 లక్షల ఒప్పందం మీద 2024లో సన్‌రైజర్స్ తరఫున 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి అవార్డు అందుకున్నాడు. ఆ ఏడాది అక్టోబరు 31న ఇద్దరినీ వాళ్ల జట్లు అట్టిపెట్టుకున్నాయి. తిలక్‌కు 8 కోట్లు, నితీశ్‌కు 6 కోట్లు. పత్రికలన్నీ ఆ పెరుగుదలను చూసి మురిసిపోయాయి. అయితే అప్పటి నిబంధన ప్రకారం అంతర్జాతీయ అనుభవమున్న ఐదుగుర్ని ఉంచుకుంటే పర్సులోంచి 75 కోట్లు కోత పడేది, ఆ మొత్తాన్ని ఐదుగురికీ ఎలా పంచాలన్నది జట్టు ఇష్టం. ముంబయిలో బుమ్రాకు 18, సూర్యకుమార్‌కూ హార్దిక్‌కూ చెరి 16.35, రోహిత్‌కు 16.30. కలిపితే 67. మిగిలింది 8. హైదరాబాద్‌లో క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకూ ట్రావిస్ హెడ్‌కూ చెరి 14. కలిపితే 69. మిగిలింది 6. పెద్దవాళ్ల వాటాలు పోను అడుగున మిగిలిన సొమ్ముకు సరిగ్గా సరిపోయిన అంకెలివి. తిలక్ మూడేళ్ల పరుగుల్లోంచి ఎనిమిదిని రాబట్టే లెక్క ఏదీ ఎక్కడా బయటికి రాలేదు.

ఆటగాడి విలువను ఆధారాలు పెట్టి వాదించే పద్ధతి లేకపోలేదు. ఉత్తర అమెరికాలో మంచు హాకీ ఆడే నేషనల్ హాకీ లీగ్, ఎన్‌హెచ్‌ఎల్, దశాబ్దాలుగా దాన్ని నడుపుతోంది. జీతాల ఆర్బిట్రేషన్ అంటారు. దాని మీదా మనకు అపోహలున్నాయి. మొదటిది, అది సమ్మెలాంటిదని, తెగిపోయిన బేరానికి పెట్టే పంచాయితీ అని. అసలు సంగతి వేరు. ఆ లీగ్‌లో ఒప్పందం ముగిసినంత మాత్రాన కుర్ర ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్లిపోలేడు. అతని మీద హక్కు కొన్నేళ్లపాటు పాత జట్టుదే. అమ్ముకోవడానికి వేరే బజారు లేనివాడికి కొనేవాడు చెప్పిందే ధర అవుతుంది గనుక, బజారు బదులుగా ఈ విచారణ పెట్టారు. ఎక్కువగా ఆటగాడే దరఖాస్తు పెడతాడు, జట్టుకూ ఆ హక్కుంది. జులై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో బయటి మధ్యవర్తి ముందు రెండు పక్షాలూ కూర్చుంటాయి. ముందే రాతపూర్వకంగా చెరో అంకె ఇస్తాయి. రెండు రోజుల్లో తీర్పు. దరఖాస్తుల్లో అత్యధికం విచారణ దాకా పోకుండానే తేలిపోతాయి. తేదీ దగ్గరపడేకొద్దీ ఇద్దరి అంకెలూ దగ్గరపడతాయి. 2014లో మాంట్రియల్ ఆటగాడు పి.కె. సుబ్బన్ విషయంలో విచారణ జరిగిపోయింది కూడా. తీర్పు రాకముందే, మర్నాడే, ఎనిమిదేళ్లకు 7.2 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. తీర్పు భయం చేసే పని తీర్పు చేసే పనికంటే ఎక్కువ.

గోల్స్ ఎక్కువుంటే వాదన గెలిచినట్టే అన్నది ఇంకో పొరపాటు. ఆ గదిలోకి ఏ ఆధారం రావచ్చో, ఏది రాకూడదో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఒప్పందంలోనే రాసి ఉంది. ఆట గణాంకాలు, ఆడిన మ్యాచ్‌లు, గాయాలు, ఎన్నేళ్ల సేవ, జట్టు గెలుపోటముల్లో పాత్ర, నాయకత్వం, ప్రజాదరణ, ఇవన్నీ పెట్టవచ్చు. పత్రికల్లో వచ్చిన పొగడ్తలు చెల్లవు. జట్టు ఖజానా ఖాళీగా ఉందన్న మాట చెల్లదు. అంతకుముందు బేరంలో ఎవరు ఎంత అన్నారో ఎత్తకూడదు. అన్నిటికంటే బరువైనది పోలిక. ఇదే దశలో, ఇలాగే జట్టుకు కట్టుబడి ఉన్న మరో ఆటగాడు ఇంతే ఆడి ఎంత తీసుకున్నాడు? స్వేచ్ఛగా ఏ జట్టుకైనా వెళ్లగల సీనియర్ల జీతాలను పోలికకు తేకూడదు, ఎందుకంటే వాళ్ల బజారు వేరు. వాదనంతా చివరికి ఎవరితో పోల్చాలన్న దాని మీదే నడుస్తుంది. ఆటగాడి పక్షం ఎక్కువ జీతగాడిని చూపించి వీడూ వాడూ ఒకటే అంటుంది. జట్టు పక్షం తక్కువ జీతగాడిని చూపించి అదే మాట అంటుంది. తిలక్‌కు అలాంటి విచారణ ఉంటే 397, 343, 416 అన్న అంకెలు ఊరికే చదివి వినిపిస్తే చాలదు. ఇరవై రెండేళ్ల లోపు, మిడిలార్డర్‌లో, వరుసగా మూడు సీజన్లు అన్ని పరుగులు చేసినవాళ్లు ఇంకెవరు, వాళ్లకు మూడో ఏట ఎంత ముట్టింది అన్నది తేల్చాలి. బుమ్రా, రోహిత్‌ల పక్కన నిలబెట్టి మిగిలింది తీసుకో అనడానికి అక్కడ చోటుండదు.

జట్టు ఓడింది కాబట్టి ఆటగాడికి అంత దండగ అనే మాటకూ ఈ విచారణలో పరీక్ష ఉంటుంది. తెలుగు టైటాన్స్ 2023 కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు పెట్టి, ఆ సీజన్లో 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. అంత డబ్బు గంగలో పోసినట్టేనని అప్పట్లో చాలామంది నవ్వారు. ఆ సీజన్లో పవన్ తెచ్చిన రైడ్ పాయింట్లు రెండొందలు దాటాయి. జట్టు ఫలితంలో అతని పాలు ఎంత అన్న ప్రశ్నను జట్టు ఫలితంతో కలిపేయకుండా విడదీయడం న్యాయవాదులకు రోజూ ఉండే పని, వేలంలో పలక ఎత్తేవాడికి దాని అవసరమే రాదు.

మధ్యవర్తి రెండు అంకెల్ని కూడి సగం చేస్తాడంతే అనే వాళ్లున్నారు. ఇది పూర్తిగా అపోహ అనడానికి లేదు. 2023లో బోస్టన్ గోల్‌కీపర్ జెరెమీ స్వేమన్ 48 లక్షల డాలర్లు అడిగాడు, జట్టు 20 లక్షలంది, తీర్పు 34.75 లక్షలు. అదే వేసవిలో టొరంటో గోల్‌కీపర్ ఇల్యా సాంసొనోవ్ 49 అడిగితే జట్టు 24 అంది, వచ్చింది 35.5. రెండూ నట్టనడుముకు పక్కనే పడ్డాయి. అయితే 2011లో నాష్‌విల్ డిఫెండర్ షే వెబర్ కేసు చూడండి. జట్టే అతన్ని విచారణకు లాగి 47.5 లక్షలిస్తామంది. అతను 85 అడిగాడు. నడుము 66 దగ్గర ఉంటే తీర్పు 75 లక్షలు. జట్టు అంకె మరీ చిన్నదైనప్పుడు మధ్యవర్తి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అమెరికా బేస్‌బాల్‌లో రెండింటిలో ఒకటే ఎంచుకోవాలన్న నియమం ఉంది, హాకీలో అది లేదు. నడుమకు దగ్గరగా తీర్పులు వస్తున్నాయంటే రెండు పక్షాలూ నడుముకు ఇరువైపులా సమానదూరంలో కూర్చునేంత తెలివిగా అంకెలు వేసుకొస్తున్నాయని కూడా అర్థం చేసుకోవచ్చు.

తీర్పు వస్తే జట్టు చచ్చినట్టు కట్టాలనుకోవడమూ సరికాదు. ఆటగాడే దరఖాస్తు పెట్టి, తీర్పు ఒక హద్దు దాటితే, మాకొద్దని జట్టు తప్పుకోవచ్చు. 2010లో షికాగో బ్లాక్‌హాక్స్ 1961 తర్వాత తొలిసారి లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది, గోల్‌కీపర్ ఆంటీ నియెమీ. మధ్యవర్తి అతనికి 27.5 లక్షల డాలర్లు తేల్చగానే జట్టు అతన్ని వదిలేసి మార్టీ టర్కోను 13 లక్షలకు తెచ్చుకుంది. నియెమీ చివరికి శాన్ హోసేలో 20 లక్షలకు చేరాడు. జీతాల పరిమితి మించిపోతోందన్న జట్టు బాధను గదిలోపల ఎత్తనివ్వలేదు, గది బయట ఆ బాధే గెలిచింది. ఆర్బిట్రేషన్ ఆటగాడికి రక్షణేగానీ అభయహస్తం కాదు.

ఇంత చెప్పాక రెండు అభ్యంతరాలు మిగులుతాయి. ఒకటి, సొంత జట్టు ఎదురుగా కూర్చుని నీ ఆటలో ఇన్ని లోపాలున్నాయని చదివితే మనసులు విరిగిపోవా? విరుగుతాయి. 1990లలో న్యూయార్క్ ఐలాండర్స్ గోల్‌కీపర్ టామీ సాలో తన విచారణలో జట్టు మాటలు విని ఏడ్చాడన్న కథనం హాకీ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. స్వేమన్‌కూ ఆ అనుభవం రుచించలేదు. అయినా ఏడాది తిరిగాక అదే బోస్టన్‌తో ఎనిమిదేళ్లకు 6.6 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. పైగా పాట అడక్కుండా మౌనంగా కూర్చున్న ఫ్రాంచైజీలూ ఆటగాణ్ని అవమానించినట్టే, అదీ టీవీలో లక్షలమంది చూస్తుండగా. కారణం మాత్రం ఎవరూ చెప్పరు.

రెండో అభ్యంతరం బరువైనది. 2013లో మొదలైన హాకీ ఇండియా లీగ్ 2017 తర్వాత ఆగిపోయి ఏడేళ్లు మూలపడింది. ముందు లీగ్ బతకాలి కదా, జీతాల వాదనలు తర్వాత కదా? హాకీ విషయంలో ఈ మాటకు నేను సగం తలవంచుతాను. ముకేశ్ కుమార్‌లాంటి హైదరాబాద్ ఒలింపియన్‌కు ఆ రోజుల్లో భరోసా ఇచ్చింది ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగమేగానీ ఏ లీగూ కాదు. అయితే జట్లు దివాలా తీయకుండా చూడాల్సింది మొత్తం జీతాల పరిమితి. ఎన్‌హెచ్‌ఎల్‌లో హాకీ రాబడిలో సగం ఆటగాళ్లదని ముందే ఒప్పందముంది, ఒకరికి ఎక్కువిస్తే అది ఆ సగంలోంచే పోతుంది. కాబట్టి ఆర్బిట్రేషన్ లీగ్‌ను ముంచదు. ఇక డబ్బు లేదనే మాట ఐపీఎల్‌కు అసలే నప్పదు. 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులే 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి, అంటే ఏడాదికి 9,678 కోట్లు. 2025 సీజన్‌కు పది జట్ల పర్సులన్నీ కలిపినా 1,200 కోట్లు. ఎనిమిదో వంతుకు అటూ ఇటుగా.

అడ్డం మరోచోట ఉంది. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లకు 1967 నుంచి సంఘం ఉంది. ఏ ఆధారం చెల్లుతుందో లీగ్‌తో కూర్చుని రాయించుకున్నది ఆ సంఘమే, పోలికలకు కావాల్సిన జీతాల పట్టికలు సమకూర్చేదీ అదే. మన దగ్గర 2019లో ఏర్పడ్డ భారత క్రికెటర్ల సంఘం రిటైరైనవాళ్ల కోసం. ఆడుతున్నవాళ్లకు బేరమాడే సంఘం క్రికెట్‌లో లేదు. జీతాన్ని వాదించి తేల్చుకోవడమంటే ఈ ప్రాంతానికేమీ వింత కాదు. మస్కికి దగ్గర్లోనే, లింగసుగూరు తాలూకా హట్టి బంగారు గనుల్లో కార్మిక సంఘాలు యాజమాన్యంతో కూర్చుని వేతన ఒప్పందాలు చేసుకుంటాయి. గని కార్మికుడి తరఫున కాగితాలు పట్టుకుని వెళ్లేవాళ్లున్నారు. తిలక్ తరఫునా, జుగ్‌రాజ్ తరఫునా ఆ కాగితాలు రాసి, యాజమాన్యం ఎదుట కూర్చునే సంస్థ ఇంకా పుట్టలేదు. అది వచ్చేదాకా ఏ లీగైనా వేలాన్ని మానుకోవడానికి కారణమేదీ నాకు కనిపించదు.