రంగు క్రింది కొయ్య

పాత పడవకు రంగు వేయుట సులభము; ఆ రంగు క్రింది కొయ్య ఎట్లున్నదో తెలిసికొనుట కష్టము. పడవ బాగుచేయువాని నేర్పంతయు ఈ రెండవ పనిలోనే ఉన్నది.

రావిర్యాల చెరువువంటి మంచినీటి చెరువులో తిరుగు చిన్న తెరచాప పడవకును, గోదావరి ముఖమున కోరంగి రేవులో పోటునీటిపై నిలిచిన ఓడకును శత్రువులు వేరు. మంచినీటి పడవకు చేటు తెచ్చునది లోపల నిలిచిన వాననీరు. గాలి చొరని మూలలలో తడి ఆరక, బూజుజాతి శిలీంధ్రములు పుట్టి కొయ్యను మెత్తబరచును. ఉప్పునీటిలోనైతే ఓడకొయ్యను తొలుచు పురుగు కలదు. పేరునకు పురుగే గాని, అది ఆల్చిప్పలకు దగ్గరి చుట్టము. పసితనమున సూదిబెజ్జమంత రంధ్రము చేసికొని పలకలో ప్రవేశించి, లోపలనే పెరుగుచు సొరంగములు త్రవ్వును. పైకి పలక చెక్కుచెదరదు. లోపల గుల్లయై ఉండును. 18వ శతాబ్దపు చివరి భాగమున ఐరోపా యుద్ధనౌకల అడుగునకు రాగిరేకులు తాపుటకు ఈ జీవి ఒక ముఖ్యకారణము.

కావుననే మరమ్మతు పాతరంగు గోకుటతో ఆరంభమగును. రంగు పోయిన పిదప పనివాడు పలకను సుత్తితో మెల్లగా తట్టి చెవియొగ్గును. గట్టి కొయ్య ఖణీమనును. చెడిన కొయ్య మొద్దుగా పలుకును. అనుమానమున్న చోట ఇనుపమొన గ్రుచ్చి చూచును. చెడిన భాగమును గట్టి కొయ్య తగులువరకు తీసివేసి, ఏటవాలుగా కోసిన క్రొత్తముక్కను అతుకును. తిన్నగా కోసి చేర్చిన అతుకుకంటె ఏటవాలు అతుకులో జిగురు పట్టు చోటు ఎక్కువ. అందుచేత బలమును ఎక్కువ.

తరువాతి పని పలకల నడిమి సందులది. వానిలో నూనె, గుగ్గిలము పట్టించిన నారను గాని నూలును గాని కుక్కుదురు. ఇచ్చట అత్యుత్సాహము పనికిరాదు. ఎండిన కొయ్య నీట దిగినంతనే ఉబ్బును. సందును మరీ బిగించి నింపినచో, ఉబ్బిన పలకలు ఒకదానినొకటి నెట్టుకొని మేకులను వదులుచేయును. మితముగా నింపినచో ఆ ఉబ్బే సందును మూసివేయును. బాగుచేసిన పడవలో తొలిదినమున కొంచెము నీరు ఊరుట చూచి అనుభవశాలి బెదరడు.

రంగు వేయుట చిట్టచివరి పని. కొయ్య చక్కగా ఆరినది అని తేలినపుడే పూత పూయవలెను. తడిపై వేసిన రంగు తడిని లోపలనే బంధించి, కుళ్ళునకు తోడ్పడును. ఒక పూత ఆరిన తరువాత గరుకుకాగితముతో రుద్ది, మరియొక పలుచని పూత వేయుదురు.

ఈ విద్యకు తెలుగునాట పేరుపొందిన చోటు కోరంగి. అచ్చట ఓడలు కట్టుటయే గాక, పరదేశపు ఓడలును మరమ్మతునకై వచ్చి ఆగెడివి. బర్మాకు కూలికి వెళ్ళిన తెలుగువారికి 'కోరంగీలు' అను పేరు అక్కడ నిలిచిపోవుట ఈ రేవు ఖ్యాతికి సాక్ష్యము. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచివేసినవి. నది తెచ్చిన ఒండ్రు ఓడల దారిని పూడ్చినది. వర్తకము కాకినాడకు తరలిపోయినది.

రేవు పోయినను విద్య పోలేదు. చేరువనున్న తాళ్ళరేవు వడ్రంగులు కొయ్యనావలు కట్టుట మానలేదు. అయితే ఫైబరు పడవలు వచ్చిన పిదప కొయ్యపడవలకు గిరాకి తగ్గినది. ఏటేట గోకి, నార కుక్కి, పూత పూయు శ్రమ వద్దనుకొను జాలరిని తప్పుపట్టలేము. పడవ అతనికి జీవనాధారము. కాని సుత్తిదెబ్బకు కొయ్య పలుకు పలుకును గుర్తించు చెవి ఏ గ్రంథమువలనను అలవడదు. అది తండ్రి ప్రక్కన నిలిచి కొడుకు నేర్చినది. నేర్చువాడు లేని నాడు అది ఆ వృద్ధునితోనే పోవును.

కొయ్య ఏల ఉబ్బును, ఏల కుళ్ళును అని తరగతిలో బోధించు ఉపాధ్యాయులు, వీలైనచో పిల్లలను ఒకమారు అట్టి పనిచోటికి తీసికొనిపోవలెను. సుత్తి ఒకసారి వారి చేతికిచ్చి, పలకను తట్టనిచ్చి, విననీయవలెను.