మత చరిత్ర పాఠానికి ఆట

మతాన్ని ఆటతో నేర్పడం తెలుగువారికి కొత్త కాదు. ముక్కోటి ఏకాదశి జాగరణ రాత్రి వైకుంఠపాళి పరిచి గవ్వలు వేసేవారు. నిచ్చెన పుణ్యం, పాము పాపం. కానీ అక్కడ గెలిపించేది పందెం. ఆటగాడు ఆలోచించాల్సిన పని లేదు. అది విశ్వాసాన్ని నేర్పుతుంది, చరిత్రను కాదు.

1990ల్లో న్యూయార్క్ బర్నార్డ్ కాలేజీలో చరిత్ర ఆచార్యుడు మార్క్ కార్న్స్ మొదలుపెట్టిన 'రియాక్టింగ్ టు ది పాస్ట్' పద్ధతి వేరు. క్రీ.శ. 325 నాటి నైసియా క్రైస్తవ సభ అందులో ఒక ఆట. 1945 సిమ్లా చర్చలు ఇంకొకటి. ప్రతి విద్యార్థికీ ఒక పాత్ర, దానికో లక్ష్యం. ఆనాటి గ్రంథాలు చదివి, మాట్లాడి, ఎదుటివారిని ఒప్పించాలి. సభ నడిపేది విద్యార్థులే. టీచరు పక్కన కూర్చుని చీటీలు అందిస్తుంటారు. ఫలితం చరిత్రకు భిన్నంగా వచ్చినా తప్పులేదు. నిజంగా ఏం జరిగిందో చివరి తరగతిలో చర్చిస్తారు.

హైదరాబాద్‌లో తార్నాక పక్కనున్న ఉస్మానియా క్యాంపస్‌లో ఇలాంటి ఆట తయారు చేయడానికి కావలసిన సరుకు మౌలాలి కొండమీదే ఉంది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని యాకూత్‌కు కలలో హజ్రత్ అలీ ఆ కొండమీద రాతిపై చెయ్యి ఆనించి కనిపించారనీ, వెళ్లి చూస్తే రాతిపై అరచేతి గుర్తు ఉందనీ ఐతిహ్యం. కుతుబ్‌షాహీలు షియాలు. తర్వాతి అసఫ్‌జాహీ నిజాంలు సున్నీలు. అయినా రజబ్ నెల 17న జరిగే ఉర్సు (దర్గా ఉత్సవం) వాళ్ల హయాంలో నగరమంతటి పండుగైంది. ఆ కాలపు ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా సమాధి కొండ కిందే ఉంది. సున్నీ పాలకులు ఈ కొండను ఎందుకు ఆదరించారు? తరగతిని కూర్చోనివ్వని ప్రశ్న ఇది.

ఉర్సు ఖర్చు ఖజానా భరించాలా అని నిజాం కొలువులో జరిగే విచారణగా ఈ ప్రశ్నను మలచవచ్చు. ముజావరు (దర్గా సంరక్షకుడు), షియా అమీరు, సున్నీ మౌల్వీ, హిందూ పేష్కారు (కొలువు అధికారి) తలా ఒక వాదన వినిపిస్తారు. పాత్రలను చీటీలు తీసి పంచడం ముఖ్యం. అప్పుడే హిందూ అమ్మాయి ముజావరు తరఫున, ముస్లిం అబ్బాయి పేష్కారు తరఫున ఆధారాలు వెతుకుతారు. దైవం, మహనీయుల పాత్రలను ఎవరూ పోషించకూడదు. ఐతిహ్యం నిజమా కాదా అన్నదాన్ని గెలుపోటముల్లోకి తేకూడదు.

ఇది ఒక్క అధ్యాపకుడి వల్ల అయ్యే పని కాదు. పాత దస్తావేజులకు పర్షియన్ తెలిసినవారు, మహ్ లఖా గజళ్లకు ఉర్దూవారు, కొలువు వ్యవహారానికి చరిత్రవారు కలిసి కూర్చోవాలి. సిబ్బంది గదిలో స్నేహం సర్క్యులర్లతో రాదు, ఇలాంటి ఉమ్మడి పనితోనే వస్తుంది. అమెరికాలో ఈ ఆటలను అధ్యాపకులే వర్క్‌షాపుల్లో ఆడి చూస్తారు. సీనియర్ ప్రొఫెసరూ నిన్నగాక మొన్న చేరిన లెక్చరరూ ఎదురెదురు పక్షాల్లో ఉంటే హోదా చెల్లదు, ఆధారమే చెల్లుతుంది. ఏ పాత్రకు మాట్లాడటానికి సరిపడా సమాచారం లేదో ఆ ఆటలోనే తేలుతుంది. దాన్ని సరిదిద్దాకే విద్యార్థులకు ఇవ్వాలి.