మండువాకి మూత పెడితే

ఈమధ్య ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కట్టే కొత్త ఇళ్ళలో మండువా మళ్ళీ కనబడుతోంది. చెక్క స్తంభాలు, ఇత్తడి గంగాళం, నడుమ తులసికోట, అన్నీ ఉంటాయి. తలెత్తి చూస్తే మాత్రం ఆకాశానికి బదులు పాలికార్బొనేట్ షీటు! వాన పడకూడదు, కాకులు రాకూడదు. షీటు గుండా దిగిన వెలుతురు నేలకి తగిలి వేడిగా మారుతుంది. ఆ వేడికి మళ్ళీ షీటు దాటే దారి లేదు, వేడెక్కి పైకి లేచిన గాలికీ లేదు. ఇంటిని చల్లబరచాల్సిన చోటే పొయ్యి రాజుకుంటుంది.

మన వైపు వేసవిలో ఎండకంటే ఉక్కతోనే ఎక్కువ బాధ. పొడి ప్రాంతాల్లో రాత్రికి గాలి బాగా చల్లబడుతుంది కనుక మందపాటి గోడ పగటి వేడిని దాచుకుని రాత్రి వదిలినా చెల్లుతుంది. ఇక్కడ రాత్రి కూడా గాలి తేమగానే ఉంటుంది, చెమట ఆరదు. ఆరాలంటే ఒంటికి గాలి తగలాలి. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం కనబడేలా పాత ఇళ్ళు కట్టింది అందుకే. సాయంత్రం పైరగాలి ఒక పక్క నుంచి వస్తే, లోపలి వేడిగాలి మండువా గుండా పైకి పోయేది.

కాంక్రీటు స్లాబు సంగతి వేరు. పగలంతా ఎండ తాగి, సరిగ్గా మనం పడుకునే వేళకి ఆ వేడిని కిందికి దించుతుంది. తాటాకు కప్పులో ఆకుల పొరల మధ్య చిక్కిన గాలి వేడిని అడ్డుకుంటుంది. అలాగని తాటాకు నేయించమనను. నిప్పు భయం ఉంది, కొన్నేళ్ళకోసారి కొత్త ఆకు కావాలి. నడిమార్గం ఒకటి లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చారు. స్లాబు అడుగుభాగాన సాగదీసే బలాన్ని మోసేది ఇనుప చువ్వలే. చువ్వల నడుమ అక్కడున్న కాంక్రీటు పెద్దగా చేసేదేమీ లేదు. దాని బదులు జతజతగా పెంకులు పేరిస్తే సిమెంటు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని ఆపుతుంది. డాబా మీద తెల్లసున్నం కొట్టిస్తే సగం ఎండ అక్కడి నుంచే వెనక్కి పోతుంది.

గోడల దగ్గరికొస్తే ఊరు మారితే ఉపాయం మారాలి. తాడేపల్లిగూడానికి ఉత్తరాన మెట్ట, దక్షిణాన డెల్టా. మెట్టలోని ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువ. కాస్త సిమెంటు కలిపి మెషీన్లో అదిమితే కాల్చనక్కర్లేని ఇటుక తయారు. అదే పని డెల్టా నల్లమట్టితో చేస్తే పగుళ్ళే మిగులుతాయి. బంకమట్టికి సున్నం కావాలి. ఆ నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. దాని మీద తేలిగ్గా వేసిన పునాది ఏటా లేచి దిగుతూ గోడల్ని చీలుస్తుంది. అలాంటి నేలకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉల్లిపాయలా ఉబ్బిన పైళ్ళని ప్రచారం చేసింది. సుమారు 3.5 మీటర్ల లోతుకి దింపితే తేమ మారని పొర దొరుకుతుంది, ఇల్లు కదలదు.

కొల్లేటి లంకల్లో పరీక్ష నీటితోనే. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కొల్లేట్లో కలుస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. పాతవాళ్ళు దిబ్బలు చూసుకుని ఇళ్ళు వేశారు. ఇప్పుడు మెరక తోలించి, బేస్‌మట్టం పెంచి కడుతున్నారు. రోడ్డు వేసిన ప్రతిసారీ అదీ ఎత్తు పెరుగుతుంది, పదేళ్ళకి మన అరుగు రోడ్డుకి సమానం. ఎత్తు లెక్క వేసేటప్పుడు పక్కింటి అరుగు కాదు, ఊళ్ళో పెద్దవాళ్ళకి గుర్తున్న పెద్ద వరద మరక చూడాలి. చేపల చెరువు గట్లు నీటి దారికి అడ్డుపడే సంగతి మాత్రం ఏ ఇంటి పునాదితోనూ తీరదు.

చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం కరువు. చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే. ఇక్కడే గంగాళం పనికొస్తుంది. మండువా కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలితే వాన నీరంతా ఒక్కచోటికి చేరేది. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. ఐదో వంతు పోయినా 80 వేలు. నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకీ రోజుకి 20 లీటర్లు అనుకుంటే, వానల్లేని ఆరు నెలలకి 4,000 లీటర్ల తొట్టి చాలు. కప్పు మీది దుమ్మూ రెట్టలూ కొట్టుకొచ్చే తొలి జల్లుని బయటికి వదిలెయ్యాలి. తాగే నీళ్ళు వడకట్టి కాచుకోవాలి. కాకుల బెడదకైతే షీటెందుకు, ఒక వల చాలు.