అయిదవది దైవము

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వైపు మనము పోవునపుడు కోచింగ్ సెంటర్ల గోడలపై ర్యాంకులు పొందిన బిడ్డల ఛాయాచిత్రములు కనిపించును. ఒక్కొక్క ముఖము క్రింద ఒక అంకె. అది రాని బిడ్డ "నా రాత ఇంతే" యని క్రుంగును. వచ్చిన బిడ్డ "అంతయు నా ప్రజ్ఞయే" యని పొంగును. ఫలితములు వెలువడిన నాడు ప్రాణములే తీసికొన్న పసివారిని గూర్చియు మనము వినియున్నాము. అంకెయే తామని నమ్మినందువలన గదా ఈ ఘోరము!

భగవద్గీత 18వ అధ్యాయము 14వ శ్లోకములో భగవానుడు ఏ కార్యమునకైనను కారణములు అయిదని చెప్పెను. శరీరము, కర్త, ఇంద్రియములు, వివిధ చేష్టలు, ఆపైన దైవము. మనము అదృష్టమనునది ఆ అయిదవది. అది లేదని ఆయన అనలేదు; అంతయు అదియే అనియు అనలేదు.

నేలకొండపల్లి కంచర్ల గోపన్నగారిని తలచుకొందము. మేనమామ అక్కన్న తానీషా కొలువులో ఉండుటచే పాల్వంచ తహసీలుదారీ లభించెను. అదృష్టమే! సర్కారు పైకముతో భద్రాద్రిలో ఆలయము కట్టించినందుకు గోల్కొండలో చెర. పండ్రెండేండ్లని పెద్దలు చెప్పుదురు. మన నగరమునకు పడమట ఆ బందీఖానాను నేటికిని చూడవచ్చును. కొలువు పోయినది, పరువు పోయినది, పాట మాత్రము పోలేదు. ఏ నగకు ఎన్ని వరహాలు పట్టినవో లెక్కచెప్పి రాముని నిలదీసెను. తహసీలుదారు అలవాటు చెరలోను వదలలేదు కాబోలు!

ఆ కీర్తనల ముద్రలో తహసీలుదారు అని లేదు, ఖైదీ అని లేదు. ఉన్నది భద్రాచల రామదాసు అనియే.