చానెళ్లు వస్తున్నా యాప్‌లు ఆగుతున్నాయా?

ఆహా, ఈటీవీ విన్ వంటి యాప్‌ల వలన అంబత్తూరులోని ఇళ్లలోనూ తెలుగు చిత్రాలు, ధారావాహికలు చూడగలుగుతున్నాము. అయితే సెట్‌టాప్ బాక్సులో చానెళ్లు చక్కగా వస్తున్నా, యాప్‌లోని చిత్రం మాటిమాటికీ నిలిచిపోవచ్చును. చానెళ్లు కేబుల్ ద్వారా వస్తాయి. యాప్‌లకు ఇంటర్నెట్ కావాలి. కావున కేబుల్ బాగున్నా, వైఫైలో లోపం ఉండవచ్చును.

అధిక వేగం గల ప్లానుకు సొమ్ము చెల్లించే ముందు ఒక పరీక్ష చేయండి. చిత్రం ఆగిపోయే వేళలో, సెల్‌ఫోనులో వైఫై వేగాన్ని రూటరు వద్ద ఒకసారి, టీవీ వద్ద ఒకసారి కొలవండి. హెచ్‌డీ చిత్రానికి సుమారు 5 ఎంబీపీఎస్, 4కే చిత్రానికి సుమారు 15 ఎంబీపీఎస్ అవసరం. రూటరు వద్దనే వేగం తక్కువైతే మెష్ పరికరాలు కొన్నా ప్రయోజనం లేదు. ఇంటర్నెట్ సంస్థకు ఫిర్యాదు చేయండి. టీవీ వద్ద మాత్రమే తగ్గితే దూరమో, అడ్డుగోడలో కారణం. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగవంతమైనవే గాని, కాంక్రీటు గోడలు దాటేసరికి క్షీణిస్తాయి.

రూటరు నుండి బాక్సుకు లాన్ కేబుల్ కలపడం అన్నింటికంటె మేలు. అద్దె ఇంటి గోడకు రంధ్రం చేయడానికి యజమాని అంగీకరించకపోతే మెష్ వైఫై తగిన మార్గం. ఇందులో రెండు మూడు పరికరాలు కలిసి, ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో ఇల్లంతటికీ వైఫైని అందిస్తాయి. రెండవ పరికరాన్ని టీవీ వెనుక గాని, అలమరలో గాని ఉంచక, రూటరుకూ టీవీకీ నడుమ అడ్డులేని చోట అమర్చండి. ఇల్లు మారినప్పుడు వీటిని వెంట తీసుకొనిపోవచ్చును.