బెల్టు కూత

గోదావరి మండలములలో మార్గశిర పుష్య మాసముల ప్రభాతవేళ ఏ వీధిమలుపున నిలిచినను, మోటారుకారు ఇంజను కదలినంతనే వినవచ్చు నొక కీచుధ్వని మనకు చిరపరిచితము. ఒకటి రెండు నిమిషములలో అది యణగిపోవును, కారు సాగిపోవును, యజమాని దానిని మరచిపోవును. రాత్రి కురిసిన మంచుతేమ బెల్టుపై నున్నంతసేపు మాత్రమే ఆ కూత వినబడినచో మరచిపోవుటయందు దోషము లేదు. కాని యది దినదినము పెరుగుచున్నచో, ఎండకాసిన పిమ్మటను మానకున్నచో, ఇంజను మనకేదియో చెప్పుచున్నదని గ్రహింపవలెను. అది చెప్పునదేమి, ఎట్లు చెప్పుచున్నది, వినినవాడు చేయవలసినదేమి యను మూడు విషయములును భౌతికశాస్త్రము చదువు విద్యార్థికే కాక భాష చదువు విద్యార్థికి గూడ ఉపయోగించునవే.

ఇంజనులో పుట్టిన శక్తి యంతయు చక్రములకే పోదు. క్రాంకుషాఫ్టు చివర నొక కప్పీ యుండును. దానిని చుట్టిన రబ్బరు బెల్టు, విద్యుత్తును పుట్టించు ఆల్టర్నేటరును, అనేక వాహనములలో నీటిపంపును, ఎయిర్ కండిషనరు కంప్రెసరును త్రిప్పును. మనదేశమున 2014 వరకు తయారైన అంబాసిడరు కార్లను చూచినవారికి ఫ్యానుబెల్టు అను మాట తెలియును. వాని తొలిరోజులలో ఒక్క బెల్టే ఫ్యానును, నీటిపంపును, డైనమోను త్రిప్పెడిది. ఫ్యాను నేడు పెక్కు కార్లలో విద్యుత్తుతో తిరుగుచున్నను మెకానిక్కుల నోట ఆ పేరు నిలిచియే యున్నది. వస్తువు మారినను మాట నిలుచుట భాషలో వింత కాదు గదా!

ఈ బెల్టునకు గొలుసువలె కొక్కెములు లేవు. దాని పట్టంతయు ఒరపిడివలననే. ఒరపిడి యెంతటి పనిచేయునో తెలియగోరువారు నరసాపురమువంటి రేవునకు పోయి చూడవచ్చును. పంటును ఒడ్డున నిలుపునపుడు త్రాటిని గుంజకు రెండుచుట్లు చుట్టి, కొనను ఒక్క మనిషి చేతబట్టుకొనినచో, ప్రవాహము లాగుచున్నను అంత బరువును ఆపగలడు. పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలరు అను గణితవేత్త దీనిని లెక్కకట్టెను. ఘర్షణగుణకము 0.3 అనుకొనినచో, సగముచుట్టునకు త్రాటి రెండు కొనల బిగువుల నిష్పత్తి ఇంచుమించు రెండున్నర. రెండు నిండుచుట్లకు అది నలువదిని మించును. బెల్టు కప్పీని ఎంతమేర చుట్టుకొనిన అంత పట్టు. బిగువు తగ్గినను, చుట్టుకొనిన మేర తగ్గినను, అంచు నునుపెక్కినను, బెల్టు జారును. ఈ పట్టును పెంచుటకే అంచులు వాలుగానుండి కప్పీగాడిలో చీలవలె బిగియు రబ్బరు బెల్టును 1917లో అమెరికాలో జాన్ గేట్సు రూపొందించెను. నేటి కార్లలో నున్నది పలుచని వెడల్పైన బెల్టు. దానికి లోపలివైపున పొడవునా సన్నని గాడులుండును.

జారినంతమాత్రమున కూయనేల? బెల్టు ఒక్కతీరుగా జారదు. క్షణము పట్టుకొనును, బిగువు పెరుగును, చటుక్కున జారును, మరల పట్టుకొనును. ఇట్లు సెకనునకు వందలసార్లు జరుగుటచే గాలి కంపించి ధ్వని పుట్టును. ఫిడేలు తంత్రిపై కమాను చేయునదియు ఇదియే. కమానుకు రోజిన్ పూయుట తంత్రిని పట్టి విడుచుటకే. కమాను క్రింద తంత్రి కదలు తీరును పందొమ్మిదవ శతాబ్దమున హెల్మ్‌హోల్ట్‌జు అను జర్మను శాస్త్రజ్ఞుడు వివరించెను. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో గానమైన సూత్రమే బిగువు తప్పిన బెల్టున కీచుధ్వని యగుచున్నది.

మన మండలములకు బెల్టు క్రొత్తది కాదు. మండపేట, తాడేపల్లిగూడెము వంటి ఊళ్ల రైసుమిల్లులలో ఒక్క ఇంజను త్రిప్పు పొడవైన షాఫ్టునుండి వెడల్పాటి బెల్టులు మరమరకు శక్తిని పంచిన కాలమొకటి యుండెను. అట్టి చదును బెల్టు జారినపుడు రోజిన్ కలిపిన మైనమువంటి పూతను దానికి పట్టించుట ఆనాటి వాడుక. ఆ వాడుకను తలచుకొని నేటి కారు బెల్టునకు ఏదో యొకటి పూయబోవుట తగదు. గాడులలో జిగురు చేరి దుమ్మును పట్టును. రోగము లోలోన పెరుగును.

అంతకంటె పెద్ద పొరపాటు నూనె వేయుట. ఇరుసునకు కందెన కావలెనను నీతి మన శతకసాహిత్యము నేర్పినదే, అది సత్యమే. కాని ఇరుసు ధర్మము జారుట. బెల్టు ధర్మము పట్టుట. ఒకదానికి ప్రాణమైనది మరియొకదానికి విషమగును. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడును; పట్టు మరింత పోవును. సబ్బు రుద్దువారును గలరు. కూత కొంతసేపు మానును, జారుడు మానదు. నోరు మూయించుట వేరు, వ్యాధి కుదుర్చుట వేరు.

ధ్వనులను వేరుపరచుటయందు తెలుగువాని చెవికి మంచి సాధనము కలదు. మన ధ్వన్యనుకరణ పదములు ఇచట పనికివచ్చును. వేగము పెంచినపుడును, దీపములు, ఎయిర్ కండిషనరు వేసినపుడును ఆగక సాగు ‘కీచు’ బిగువు చాలదని చెప్పును. పిచ్చుకవలె తాళము తప్పక ‘కిచకిచ’లాడినచో కప్పీలు ఒక వరుసలో లేవని అనుమానింపవలెను. ‘గరగర’ వినబడినచో లోపము బెల్టునది కాదు, బేరింగుది కావచ్చును. అనుమానము తీర్చుకొనుటకు మెకానిక్కులు గాడులపై కొంచెము నీరు చిలుకరింతురు. ధ్వని క్షణముసేపు పోయి మరల వచ్చినచో వరుస తప్పినదని, నీటితో హెచ్చినచో బిగువు తగ్గినదని అర్థము. ఇంజను తిరుగుచున్నందున ఈ పరీక్ష అనుభవము గలవాడే చేయదగినది. కండువాయు, చీర చెంగును, వ్రేలాడు చేతులును ఆ దాపులకు పోరాదు. తిరుగు బెల్టు గుడ్డను పట్టినచో విడువదు.

మార్చు విధానము కష్టతరము కాదు గాని క్రమము గలది. ఇంజను చల్లారవలెను. తాళముచెవి తీసి బ్యాటరీ తీగ విప్పవలెను. పాతబెల్టు ఏ కప్పీకి పైనుండి, దేనికి క్రిందినుండి పోవుచున్నదో కాగితముపై గీసికొనవలెను. ఈ బొమ్మ లేక తికమకపడువారు పెక్కురు. బిగింపు కప్పీని సడలించి బెల్టును తీసినపిదప ప్రతి కప్పీని చేతితో త్రిప్పి చూడవలెను. గరుకుగా తిరిగినదానిని, ఊగినదానిని మార్చవలెను. నూనె కారుచున్నచో ముందు దానిని అరికట్టవలెను. ఇవి చేయక బెల్టు మాత్రమే మార్చినచో క్రొత్తదియు కొలది దినములలో పాతపాటనే పాడును. అదే కొలత గల బెల్టును, గాడులు సరిగా కూర్చుండునట్లు తొడిగి బిగింపవలెను. చేతితో బిగువు సవరించు పాత ఇంజనులలో పొడవైన భాగమును బొటనవ్రేలితో నొక్కినచో సుమారు అర అంగుళము దిగవలెనని వాడుక. మిక్కిలి బిగించుటయు దోషమే, బేరింగులు చెడును. తీగవలె మరీ బిగించిన వీణ తెగుననుట అందరెరిగినదే. పూర్వపు బెల్టులు ముదిరినపుడు పగుళ్లుబారెడివి. నేటి రబ్బరు పగులకయే అరుగును. కావున పగులు లేదని ధైర్యపడరాదు, గాడుల లోతును చూడవలెను. ఇంజను లోపల కవాటములను నడపు టైమింగు బెల్టు వేరు. దాని జోలికి ఇంటివద్ద పోరాదు.

ఇంత శ్రద్ధ యేల యందురేని, వైశాఖమాసపు మధ్యాహ్నమున రాజమహేంద్రవరము నుండి కొవ్వూరునకు, 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెనపై పోవు కారును ఊహింపుడు. లోపల వృద్ధురాలో, పసిబిడ్డయో యున్నదనుకొనుడు. నడివంతెనపై బెల్టు తెగినది. బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగును. నీటిపంపును ఆ బెల్టే త్రిప్పుచున్నచో ఉష్ణమాపకపు ముల్లు పైకెక్కును. అట్లే ముందుకు నడిపినచో ఇంజను పాడగును. ఆగినచో ఇరుకు వంతెనపై వెనుకవారందరును ఆగుదురు. వేడిమీద రేడియేటరు మూత తీయబోయినవానికి చేతులు కాలును. కొన్ని వందల రూపాయలతోను, ఒక పూటతోను తీరవలసిన పని ఇంతదూరము వచ్చును.

ఉపాధ్యాయులకొక మనవి. ఘర్షణ పాఠము చెప్పునాడు విద్యార్థులను సమీపమున నున్న మోటారు షెడ్డునకు తీసికొనిపోయి, తీసివేసిన పాతబెల్టు నొకదానిని చేతికిచ్చి చూపుడు. నునుపెక్కిన గాడులను తడిమినవానికి సూత్రము మరపునకు రాదు. అచ్చటి పనివాడు చెవియొగ్గి ‘ఇది బెల్టు కాదండీ, బేరింగు’ అని తేల్చుట వినిన బాలునకు, కీచునకును గరగరకును గల భేదము నిఘంటువు చెప్పినదానికంటె లెస్సగా తెలియును.