పేరు తట్టదు, పాట తప్పదు

అల్జీమర్స్ బయటపడ్డాక జాజ్ గాయకుడు టోనీ బెన్నెట్ పాడిన ఆఖరి ఆల్బమ్ ‘లవ్ ఫర్ సేల్’

వీడ్కోలు ఆల్బమంటే నాకు అనుమానమే. అక్కడ పాట కన్నా జాలి ఎక్కువ అమ్ముడుపోతుంది. పైగా ఇందులో పక్కన పాప్ గాయని లేడీ గాగా!

అనుమానం పోగొట్టింది 2021 ఫిబ్రవరిలో అమెరికా వయోధికుల పత్రిక ‘ఏఏఆర్‌పీ’లో వచ్చిన వ్యాసం. బెన్నెట్‌కు 2016లోనే అల్జీమర్స్ అని తేలిందని కుటుంబం తొలిసారి చెప్పింది అందులోనే. స్టూడియోలో ఈ ఆల్బమ్ పాడుతుండగా తీసిన వీడియో చూసి మరీ రాశారు దాన్ని. బాగా పాడుతున్నారని గాగా మెచ్చుకుంటే ఆయన నోట ఒక్క థాంక్స్, అంతే. 2015లో కలిసి ఊరూరా చేసిన కచేరీల సంగతి ఎత్తితే ఊరికే ఆమె వంక చూస్తారు. రోజూ సరదాగా ఉండేది కదా అని ఆమె అందిస్తే ఔనంటారు గానీ, ఆ ఔనులో నమ్మకం లేదు. ఓ ప్రేమగీతంలో తన వంతు ఆయన పాడుతుంటే మాత్రం గాగా నవ్వు వణికి, కళ్లు నిండి, చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కబుర్లకు అందని మనిషి పాటకు అందాడు. ఊరికే కాదు. పియానో కళాకారుడు వారానికి రెండుసార్లు ఇంటికొచ్చేవాడు. 90 నిమిషాల కచేరీని ఇద్దరూ మొదటి నుంచి చివరిదాకా సాధన చేసేవారు. పాడటం మానొద్దని ప్రోత్సహించింది ఆయన నరాల వైద్యురాలు డాక్టర్ గాయత్రీ దేవి.

బెన్నెట్ చరిత్ర క్లుప్తంగా: 1926లో న్యూయార్క్ క్వీన్స్‌లో ఇటలీ మూలాలున్న ఇంట పుట్టారు. అసలు పేరు ఆంథొనీ బెనెడెట్టో. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు. 1962లో ‘ఐ లెఫ్ట్ మై హార్ట్ ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో’ పాట. 1965లో సెల్మా పౌరహక్కుల పాదయాత్రలో పాల్గొన్నారు. 2014లో గాగాతో తొలి ఆల్బమ్ ‘చీక్ టు చీక్’.

ఆల్బమ్ సంగతులు
• పాటలన్నీ అమెరికా పాటల రచయిత, స్వరకర్త కోల్ పోర్టర్‌వి. 2018–2020 మధ్య న్యూయార్క్ ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో రికార్డు చేశారు.
• 2021 ఆగస్టు 3న, 95వ పుట్టినరోజున, రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో కచేరీ. చాలాకాలం తర్వాత ఆయన ‘గాగా’ అని ఆమె పేరు పలికింది ఆ వేదిక మీదేనని తర్వాత ఆమే చెప్పింది.
• 95 ఏళ్ల 60 రోజులకు కొత్త ఆల్బమ్: గిన్నిస్ రికార్డు.
• ఈ ఆల్బమ్‌కు రెండు గ్రామీ అవార్డులు. ఒకటి సౌండ్ ఇంజినీరింగ్‌కు. దాన్ని అందుకున్నవాళ్లలో కొడుకు డే బెన్నెట్ ఒకరు.

ఇంతకీ ఆల్బమ్ ఎలా ఉంది? యుగళాల్లో గాగా హుషారు ఒక్కోచోట అతి అనిపించింది. బెన్నెట్ ఒక్కరే పాడిన ‘సో ఇన్ లవ్’ దగ్గర నా ఫిర్యాదులన్నీ ఆగిపోయాయి. గొంతు గరుకెక్కింది, నిజమే. ఏ మాటను నొక్కాలో, దేన్ని తేలిగ్గా వదిలేయాలో ఆ గొంతుకు ఇంకా తెలుసు. 2023 జులై 21న, 96 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఈ ఆల్బమ్ వినదలిస్తే ముందు ‘సో ఇన్ లవ్’ వినండి. జబ్బు సంగతి తెలియని వాళ్లకు కూడా వినిపించి చూడండి.